గణితావధాని సంజీవరాయశర్మ

అంకె రూపమే ఎరుగనివాడు గణితంలో పండితుడు కాగలడా? లక్కోజు సంజీవరాయశర్మ జీవితం ఈ ప్రశ్నకు సమాధానం.

శర్మగారు 1907 నవంబరు 22న కడప జిల్లా ప్రొద్దుటూరు సమీపంలోని కల్లూరు గ్రామంలో జన్మించారు. తల్లిదండ్రులు నాగమాంబ, పెద్దపుల్లయ్య. ఆయన పుట్టుకతోనే అంధులు. అంధులకు చదువు చెప్పే బడులు అరుదైన కాలమది. బడికి వెళ్ళే సోదరి ఇంటివద్ద పాఠాలను బిగ్గరగా చదువుతుండగా, ఆ బాలుడు పక్కనే కూర్చుండి శ్రద్ధగా వినేవాడు. విన్నదానిని మనసులో నిలుపుకొని మననం చేసేవాడు. ఆ విధంగా వినికిడియే ఆయనకు పలక, జ్ఞాపకమే బలపం అయ్యాయి. శిక్షణ లేకున్నా ఆ సోదరియే ఆయనకు తొలి గురువు.

సంగీతంపై మక్కువతో ఆయన వయొలిన్ వాదనం అభ్యసించారు. క్రమంగా గణితావధానాలు ప్రారంభించి, దేశంలోని పలు ప్రాంతాలలో వేలాది ప్రదర్శనలిచ్చారు. పృచ్ఛకులు పుట్టినతేదీ చెప్పగానే అది ఏ వారమో తెలిపేవారు. హైదరాబాదులో జరిగిన ఒక సభలో 103 రెండ్లను వరుసగా గుణిస్తే వచ్చే ఫలితమెంత అని అడుగగా, 32 అంకెల సంఖ్యను తడుముకోకుండా చెప్పారని ప్రసిద్ధి.

ఆ సంఖ్య 10141204801825835211973625643008. దీనిని విని ఆశ్చర్యపడడం సులభం; పరీక్షించడం విద్యార్థి ధర్మం. రెండును వరుసగా గుణిస్తూ పోతే చివరి అంకెలు 2, 4, 8, 6 అనే క్రమంలో తిరిగి తిరిగి వస్తాయి. 103ను నాలుగుతో భాగిస్తే శేషం మూడు. ఆ క్రమంలో మూడవది ఎనిమిది. సంఖ్య చివర ఉన్నదీ ఎనిమిదే. ఇంతమాత్రాన సంఖ్య అంతా సరియైనదని రుజువు కాదు. కాని చివరి అంకె వేరైయుంటే తప్పు వెంటనే బయటపడేది. ప్రతిభను గౌరవించడానికీ, ఫలితాన్ని ప్రశ్నించడానికీ వైరుధ్యం లేదు.

శర్మగారు శ్రీకాళహస్తిలో స్థిరపడ్డారు. 1997 డిసెంబరు 2న పరమపదించారు.

రేపు గణితోపాధ్యాయులు కాగోరేవారికి ఆయన జీవితం రెండు విషయాలు బోధిస్తుంది. కల్లూరులోనైనా, నవీపేటలోనైనా, వెనుక బెంచీలో మౌనంగా కూర్చున్న పిల్లవానికి లెక్కలు రావని ముందే తీర్మానించరాదు. ఒక దారి మూసుకుపోతే మరొక దారిని వెదకాలి. ఆ సోదరి గొంతు విప్పి చదవకపోయి ఉంటే, ఒక మహామేధ ఇంటి గుమ్మం దాటకుండానే మరుగున పడిపోయేదేమో!