వికెట్ల వెనుక హైదరాబాదీ.. పోచయ్య కృష్ణమూర్తి

హైదరాబాద్: వెస్టిండీస్ గడ్డపై భారత జట్టు తొలిసారి టెస్టు సిరీస్ గెలిచిన 1971 సంవత్సరం తలపునకు రాగానే గవాస్కర్ పరుగులు, వాడేకర్ సారథ్యం గుర్తుకొస్తాయి. ఆ సిరీస్‌లోని ఐదు టెస్టులలోనూ వికెట్ల వెనుక నిలిచినవాడు మన హైదరాబాదీ పోచయ్య కృష్ణమూర్తి అన్న సంగతి నేటి తరంలో కొందరికే తెలుసు.

1947 జులై 12న హైదరాబాద్‌లో జన్మించిన కృష్ణమూర్తి, రంజీ ట్రోఫీలో హైదరాబాద్ జట్టుకు ప్రధాన వికెట్ కీపరుగా ఎదిగారు. 1971 పర్యటనకు లాంకషైర్ కౌంటీకి ఆడుతున్న ఫరూఖ్ ఇంజనీర్ ఎంపిక కాకపోవడంతో ఆయనకు అవకాశం దక్కింది. జయసింహ, అబిద్ అలీ, జయంతిలాల్, గోవిందరాజ్‌లతో కలిపి ఆ జట్టులో ఐదుగురు హైదరాబాదీలు ఉండటం విశేషం.

బేడీ, ప్రసన్న, వెంకటరాఘవన్ వంటి స్పిన్నర్లకు కీపింగ్ చేయడం సామాన్యమైన పని కాదు. వికెట్లను ఆనుకొని నిలిచి, తిరిగే బంతిని రెప్పపాటులో అందుకోవాలి. కీపర్లకు హెల్మెట్లు లేని కాలమది. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో జరిగిన రెండో టెస్టును భారత్ 7 వికెట్ల తేడాతో గెలిచి, ఆ ఒక్క విజయంతోనే సిరీస్‌ను 1-0తో కైవసం చేసుకుంది. సిరీస్ మొత్తంలో కృష్ణమూర్తి 7 క్యాచ్‌లు పట్టి, ఒక స్టంపింగ్ చేశారు. బ్యాటింగ్‌లో మాత్రం 33 పరుగులకే పరిమితమయ్యారు.

ఆ లోటే ఆయనకు ప్రతిబంధకమైంది. అదే ఏడాది ఇంగ్లండ్ పర్యటనకు ఎంపికైనప్పటికీ, ధాటిగా ఆడగల ఇంజనీర్ తిరిగి రావడంతో తుది జట్టులో చోటు దక్కలేదు. అనంతరం కిర్మాణీ స్థిరపడటంతో టెస్టు ద్వారాలు పూర్తిగా మూసుకుపోయాయి. 1976లో న్యూజిలాండ్‌పై ఏకైక వన్డే ఆడారు.

అయినా ఆయన నిరుత్సాహపడలేదు. దేశవాళీ క్రికెట్‌లో 1970వ దశకం చివరి వరకు కొనసాగి, వందకు పైగా ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో రెండు వందలకు పైగా బ్యాట్స్‌మెన్‌ను పెవిలియన్‌కు పంపారు. 1937-38లో రంజీ ట్రోఫీ నెగ్గిన హైదరాబాద్, మళ్లీ 1986-87లో గానీ దానిని అందుకోలేదు. ఈ రెండు విజయాల నడుమ ఆడిన కృష్ణమూర్తికి ఆ భాగ్యం కలగలేదు.

1999 జనవరి 28న, 51 ఏళ్ల వయసులో ఆయన హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. ఆడిన టెస్టులు ఐదే అయినా, ఆ ఐదూ భారత క్రికెట్ దిశను మార్చిన చారిత్రక సిరీస్‌వి కావడం కృష్ణమూర్తికి దక్కిన అరుదైన ఘనత.