క్యూసెక్కుల మంత్రి డాక్టర్ కె.ఎల్. రావు

కృష్ణా డెల్టాలో పుట్టి ఇంజనీర్లయినవాళ్లకు కొదవలేదు. నీటి చదువు చదివి, పాఠం చెప్పి, పుస్తకం రాసి, ఆనకట్టలకు రూపం గీసి, చివరకు పార్లమెంటులో నిలబడి అదే నీటి గురించి దేశానికి జవాబు చెప్పుకున్న మనిషి మాత్రం నాకు తెలిసినంతలో ఒక్కరే. ఆయన డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారు. మన స్వర్ణోత్సవ సంచికను ఉపాధ్యాయులూ చదువుతారు, ఇంజనీర్లయిన పూర్వ విద్యార్థులూ చదువుతారు. ఇద్దరికీ చెందిన మనిషి కదా అని ఆయన్ని ఎంచుకున్నాను.

1902 జూలై 15న కంకిపాడులో ఒక మధ్యతరగతి ఇంట పుట్టారు. తొమ్మిదేళ్లకే తండ్రిని పోగొట్టుకున్నారు. బడిలో ఆడుకుంటుండగా దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. గీతలూ కొలతలే ప్రాణమైన వృత్తిని ఒంటికంటితో ఎంచుకోవడమంటే ఎంత గుండె కావాలో డ్రాయింగు బల్ల ముందు కూర్చున్నవాళ్లకు తెలుసు. ఇంటర్మీడియట్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో. ఆ తర్వాత ఇంజనీరింగు. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా అందుకున్న మొదటి విద్యార్థి ఆయనే. 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇచ్చింది.

పాఠాలు చెప్పింది రంగూన్‌లోనూ, ఇంగ్లండులోనూ. కట్టడాల ఇంజనీరింగు, ఉక్కు ఊచలతో బలపరిచిన కాంక్రీటు గురించి ఒక పుస్తకం కూడా రాశారు. అక్కడే ఉండిపోతే మంచి ప్రొఫెసరుగా పేరు మిగిలేది. తిరిగొచ్చి మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీరుగా చేరారు. 1950లో ఢిల్లీ వెళ్లి డిజైన్ల డైరెక్టరు, 1954లో చీఫ్ ఇంజనీరు అయ్యారు.

నాగార్జునసాగర్ డిజైన్‌లో ఆయన పాత్ర పెద్దది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. అప్పట్లో సిమెంటుకు కరువు, భారీ యంత్రాలకు విదేశీ మారకద్రవ్యం కావాలి. మన దగ్గర పుష్కలంగా ఉన్నవి రెండే, రాయీ మనుషులూ. అందుకే 124 మీటర్ల ఎత్తు డ్యామును రాతికట్టడంగా లేపారు. పాలమూరు కూలీలు, ఇంకా ఎక్కడెక్కడివాళ్లో వేలమంది, తట్టలు మోసి కట్టిన గోడ అది. చేతిలో ఉన్న సరుకును బట్టి డిజైన్ గీయడం పాఠ్యపుస్తకంలో దొరికే విద్య కాదు. పాఠం చెప్పిన మనిషికి అది పట్టుబడటం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

1962లో విజయవాడ నుంచి కాంగ్రెసు తరఫున లోక్‌సభకు గెలిచారు. 1967లో, 1971లో మళ్లీ ఆయనే. 1963 జూలై 20న నెహ్రూ ఆయన్ని నీటిపారుదల, విద్యుత్ శాఖ మంత్రిని చేశారు. ఆ వారంలోనే శ్రీశైలానికీ, పోచంపాడుకూ నెహ్రూ చేతులమీదుగా శంకుస్థాపనలు జరిగాయి. పద్మభూషణ్ వచ్చిందీ ఆ ఏడే. తర్వాత శాస్త్రి గారి హయాంలోనూ, ఇందిరా గాంధీ హయాంలోనూ 1973 దాకా అదే రంగంలో కొనసాగారు. ఆత్మకథకు క్యూసెక్కుల అభ్యర్థి అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరని మన పిల్లలకు చెప్పాలేమో గానీ, డెల్టా రైతుకు చెప్పనక్కర్లేదు.

ఆ పదేళ్లూ పూలబాట కాదు. పల్లెల్లో కరెంటు పనులకు అప్పులిచ్చే గ్రామీణ విద్యుదీకరణ సంస్థ 1969లో ఆయన శాఖ కిందే పుట్టింది. చివరి ఏళ్లలో కరెంటు కొరత మీద విమర్శలూ ఆయనే పడాలి. అంతకన్నా ఇరకాటమైనది కృష్ణా జలాల తగాదా. మహారాష్ట్ర, మైసూరు, ఆంధ్రప్రదేశ్ వాటాల కోసం పట్టుబట్టి కూర్చున్నాయి. కేంద్రంలో నీటి మంత్రి చూస్తే ఆ నది ఒడ్డువాడే. అటు మాట్లాడితే ఇంటివాళ్లకు కోపం, ఇటు మాట్లాడితే పొరుగు రాష్ట్రాలకు అనుమానం. 1969లో తగవు ట్రిబ్యునలుకు వెళ్లింది.

1972లో ఆయన బయటపెట్టిన గంగా–కావేరి అనుసంధానం గురించి ఇప్పటికీ వాదిస్తారు. పాట్నా దగ్గర గంగ వరద నుంచి ఏడాదిలో సుమారు 150 రోజులు 60,000 క్యూసెక్కులు తీసి, 2,640 కిలోమీటర్ల దారిలో దక్షిణానికి తేవాలని. దారిలో నీటిని చాలా ఎత్తుకు తోడాలి, దానికే వేల మెగావాట్ల కరెంటు కావాలి. ఖర్చు అంచనాలు మరీ తక్కువగా వేశారని కేంద్ర జల సంఘం తేల్చి పక్కన పెట్టింది. నా లెక్కకు కూడా అది అప్పటి దేశానికి మించిన భారమే. అయినా నదుల అనుసంధానం మాట ఎత్తినవాళ్లెవరూ ఆయన్ని తలచుకోకుండా ముందుకు పోలేకపోతున్నారు. మంత్రి పదవి పోయాక ఊరుకోలేదు. 1975లో దేశపు జలసంపద మీద పుస్తకం తెచ్చారు.

1986 మే 18న కన్నుమూశారు. సాగర్‌కూ ప్రకాశం బ్యారేజీకీ మధ్య కురిసిన వాన నిలవ చేసుకునే చోటు లేక సముద్రం పాలవుతుంటే, నారుమళ్లకు సాగర్ గేట్ల వైపు చూడటం డెల్టా రైతుకు చాలా ఏళ్లు తప్పలేదు. ఆ మధ్యలో 45.77 టీఎంసీల పులిచింతల 2013 డిసెంబరులో ప్రారంభమైంది. దాని పేరు డాక్టర్ కె.ఎల్. రావు సాగర్.