రాజనీతి పరిశోధకుడు బినయ్ కుమార్ సర్కార్

ప్రాచీన భారతీయులకు ఆధ్యాత్మికతే తప్ప రాజనీతి తెలియదన్న అభిప్రాయం పాశ్చాత్య విద్యాలోకంలో బలంగా ఉన్న కాలంలో, దానిని ఆధారాలతో ఎదుర్కొన్న పండితుడు బినయ్ కుమార్ సర్కార్. 1887లో బెంగాల్‌లోని మాల్దాలో జన్మించిన ఆయన, స్వదేశీ ఉద్యమ కాలంలో జాతీయ విద్యకు కృషి చేశారు. 1914 నుంచి సుమారు 11 ఏళ్లు ఆసియా, ఐరోపా, అమెరికా ఖండాలలో పర్యటించారు. మూలగ్రంథాలను పరిశీలించడం, ఇతర దేశాల చరిత్రతో పోల్చడం, స్వయంగా వెళ్లి చూడడం ఆయన పరిశోధనా పద్ధతి. పొరుగు రాజు శత్రువు, ఆ పొరుగువానికి ఆవలి రాజు మిత్రుడు అనే కౌటిల్యుని మండల సిద్ధాంతాన్ని 1919లో అమెరికా రాజనీతిశాస్త్ర పత్రికలో అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతంగా వివరించారు. అనంతరం కలకత్తా విశ్వవిద్యాలయంలో బోధించారు. 1930లలో నాజీ జర్మనీని ప్రశంసించడం ఆయన పాండిత్యానికి మచ్చగా మిగిలింది. 1949లో వాషింగ్టన్‌లో కన్నుమూశారు. భారతీయ గ్రంథాలనూ రాజనీతిశాస్త్ర ఆధారాలుగా చదవవచ్చన్న ఆయన బాట నేటికీ పరిశోధకులకు ఉపకరిస్తోంది.