గోపాలకృష్ణ గోఖలే

గోపాలకృష్ణ గోఖలే 1866 వ సంవత్సరము మే 9 వ తేదీన రత్నగిరి మండలములోని కోట్లుక్ గ్రామమున జన్మించెను. బాల్యముననే తండ్రి మరణింపగా, అన్న తన చదువు మాని చిన్న ఉద్యోగమున జేరి తమ్ముని చదివించెను. గోఖలే 1884 లో పట్టభద్రుడై పూనాలో అధ్యాపకవృత్తి నవలంబించెను. రానడే అతనికి గురువు. బాలగంగాధర తిలకుతో పరిచయ మేర్పడినది పూనాలోనే.

గోఖలేయు తిలకును దేశభక్తులే. కాని వారి మార్గములు వేరు. శాసనసభలలో సహేతుకముగా వాదించి క్రమముగా సంస్కరణలను సాధింపవలెనని గోఖలే మతము. ప్రజలను మేల్కొల్పి, విదేశవస్తువులను బహిష్కరించి ప్రభుత్వమును లొంగదీయవలెనని తిలకు మతము. అందుచే కాంగ్రెసులో మితవాదులు, అతివాదులు అను రెండు పక్షము లేర్పడెను.

1907 డిసెంబరులో సూరతు నగరమున కాంగ్రెసు సమావేశమయ్యెను. తిలకు వేదికపై మాటలాడ నిలువగా అధ్యక్షుడు అనుమతింపలేదు. సభలో కలకలము చెలరేగెను. మితవాద యువకులు కొందరు కోపముతో తిలకుపైకి రాబోయిరి. అప్పుడు గోఖలే తన ప్రత్యర్థి ప్రక్కన నిలిచి, రెండు చేతులును చాచి అతనికి అడ్డుపడెను. తిలకు వాదమును అతడు అంగీకరింపలేదు. తిలకుపై ఒక్క దెబ్బ పడుటయు అతనికి సమ్మతము కాదు.

ఆ సభతో కాంగ్రెసు చీలిపోయెను. 1908 లో ప్రభుత్వము తిలకును మాండలే చెరసాలకు పంపెను. గోఖలే 1911 లో నిర్బంధ ప్రాథమిక విద్యకై శాసనసభలో బిల్లును ప్రవేశపెట్టెను. మరుసటి సంవత్సరము అది 13 కు 38 ఓట్లతో వీగిపోయెను. 1914 లో తిలకు విడుదలయ్యెను. ఆ యేడు ఉభయపక్షములను కలుపుటకు జరిగిన యత్నము ఫలింపలేదు.

1915 ఫిబ్రవరి 19 న గోఖలే 48 వ యేట పరమపదించెను. సింహగడమున నున్న తిలకు వార్త విని పూనాకు వచ్చెను. శ్మశానవాటికయందు తన చిరకాల ప్రత్యర్థిని కొనియాడి, అతని జీవితమును ఆదర్శముగా గైకొనుమని యువకులను కోరెను.

మరుసటి సంవత్సరమే లక్నోలో ఇరుపక్షములును మరల ఒక్కచోట కూర్చుండెను. 1918 లో మితవాదులు పలువురు కాంగ్రెసును వీడిరి. గోఖలేను రాజకీయ గురువుగా భావించిన గాంధీజీ నాయకత్వమున ఆ సంస్థ 1920 లో సహాయనిరాకరణమును చేపట్టెను; 1929 లో సంపూర్ణ స్వరాజ్యమును కోరెను.

ఇట్లు పక్షముల మార్గములు కాలముతో మారుచుండును. నేడు విడిపోయినవారు రేపు కలిసి పనిచేయవలసి రావచ్చును. అట్టి కలయికకు తావుంచునది పరస్పర గౌరవమే. సూరతులో గోఖలే చాచిన చేతులు కాపాడినది ఆ గౌరవమునే.