ఒళ్ళు వంగకపోయినా యోగం వస్తుందా? తిరుమలై కృష్ణమాచార్య గారి కథ

ఫోన్‌లో ఎవరో తలకిందులుగా నిలబడిన రీల్ కనిపిస్తుంది. అబ్బా, మన ఒళ్ళు అలా వంగదులే, యోగా మనకి రాదులే అని పక్కకి జరిపేస్తాం. అలా అనుకునేవాళ్ళందరూ ఈ మహానుభావుడి గురించి తెలుసుకోవాలి.

కృష్ణమాచార్య గారు 1888లో కర్ణాటకలోని చిత్రదుర్గ ప్రాంతంలో, శ్రీవైష్ణవ కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. మైసూరు పరకాల మఠంలో, తర్వాత కాశీలో సంస్కృతం, శాస్త్రాలు చదివారు. హిమాలయాల అవతల రామమోహన బ్రహ్మచారి అనే గురువు దగ్గర ఏడేళ్ళకు పైగా యోగం నేర్చుకున్నానని ఆయనే చెప్పేవారు. పెళ్ళి చేసుకో, సంసారంలో ఉంటూనే యోగం నేర్పు అన్నది ఆ గురువు అడిగిన దక్షిణ.

మాట ఇచ్చినంత తేలిక కాదు కదా, బతకడం! అంత చదువు చదివినాయన కొంతకాలం కాఫీ తోటలో పని చేసి ఇల్లు గడపాల్సి వచ్చింది. 1930ల్లో మైసూరు మహారాజు నాలుగో కృష్ణరాజ ఒడయార్ ఆదరించి, జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల పెట్టించారు. అక్కడ ఆయన చాలా కఠినమైన గురువు. పిల్లలతో కష్టమైన ఆసనాలు వేయించి, ఊరూరా ప్రదర్శనలు ఇప్పించేవారు. తర్వాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న పట్టాభి జోయిస్, బి.కె.ఎస్. అయ్యంగార్ ఆయన శిష్యులే.

1940లో మహారాజు పోయారు. 1950లో యోగశాల మూతపడింది. అప్పటికి ఆయన వయసు అరవై దాటింది, ఇంటినిండా పిల్లలు. మద్రాసు చేరి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు.

ఆయన నేర్పే తీరు బాగా మారింది కూడా ఇక్కడే. మద్రాసులో ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళలో చాలామంది జబ్బులవాళ్ళు, పెద్దవయసువాళ్ళు. వాళ్ళతో గెంతులు వేయించలేరు కదా. అందుకే మనిషిని బట్టి ఆసనాన్ని మార్చారు, ఊపిరిని మాత్రం వదల్లేదు. చేతులు పైకెత్తేటప్పుడు శ్వాస లోపలికి, ముందుకు వంగేటప్పుడు బయటికి. కదలిక శ్వాస వెనకాలే నడవాలి, దాన్ని దాటి పోకూడదు. ఒక్కసారి చేసి చూడండి, ఎందుకో అర్థమవుతుంది. కోపం వస్తే ఊపిరి వేగం పెరుగుతుంది, భయం వేస్తే బిగుసుకుపోతుంది. మనసుని ఆగు అంటే ఆగదు. ఊపిరిని నెమ్మదిగా వదలడం మాత్రం మన చేతిలో ఉంది. అలా వదులుతూ ఉంటే మనసు కూడా మెల్లగా దిగొస్తుంది. శరీరానికీ మనసుకీ మధ్య వంతెన అదే.

కొడుకు దేశికాచార్ ఇంజినీరింగ్ చదివారు, మొదట్లో యోగం మీద పెద్ద ఆసక్తి లేదు. ఒకరోజు ఓ విదేశీ మహిళ కారు దిగి, ఆనందంతో వచ్చి ఆచార్యుల వారిని కౌగిలించుకుంది. ఎన్నాళ్ళ నుంచో నిద్రపట్టని ఆమెకి ఆ ముందు రాత్రి మందు లేకుండా నిద్ర పట్టిందట! అది చూసిన కొడుకు తండ్రి దగ్గరే శిష్యుడయ్యారు. 1976లో తండ్రి పేరు మీద మద్రాసులో యోగ మందిరం స్థాపించారు.

96 ఏళ్ళ వయసులో ఆచార్యుల వారికి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ వద్దన్నారు. (మనం డాక్టర్ మాట కాదనాలని కాదండోయ్!) అయినా సాధన ఆపలేదు. మంచం మీదే చేయగలిగే పద్ధతి తనకి తానే తయారుచేసుకున్నారు. నూరేళ్ళు నిండాక, 1989 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

ఒకప్పుడు పిల్లల చేత అంత కష్టమైన ఆసనాలు వేయించిన గురువుకి చివరికి మిగిలింది మంచం, ఊపిరి, భగవన్నామం. యోగానికి అవి సరిపోయాయి. మరి మనకి సరిపోవా? రేపు పొద్దున్నే స్నానం చేసి, దేవుడి ముందు కూర్చుని, ఫోన్ పక్కన పెట్టి, ఒక్క పన్నెండు శ్వాసలు నెమ్మదిగా తీసి వదలండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.

శుభం భూయాత్.