పాడిన కృష్ణుడు, పాడని శకుని

నేనుండేది ఉమ్ అల్ క్వైన్‌లో. దుబాయ్‌లోనో షార్జాలోనో జరిగే తెలుగు కార్యక్రమానికి వెళ్ళి రావాలంటే ట్రాఫిక్‌లోనే సగం రోజు పోతుంది. అందుకే సెలవు రోజున మా రూములోనే మా కార్యక్రమం. పప్పుచారు, అప్పడాలు, ఫోన్ నుంచి టీవీకి కలిపిన ఒక పాత సినిమా. మొన్న మాయాబజార్ పెట్టాం.

శకుని పాచికలు చేతిలోకి తీసుకోగానే కుర్రాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. మా రూములో అందరం బాబాయ్ అని పిలిచే తూర్పు గోదావరి పెద్దాయన ఒకరున్నారు. ఆ శకుని ఒకప్పుడు ఆంధ్రదేశంలో పేరున్న కృష్ణుడనీ, ఆయన పద్యం కోసం జనం బళ్ళు కట్టుకుని వెళ్ళేవారనీ ఆయన చెప్తే ఒక్కరూ నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ సగమే నమ్మాను. మా తాత సీయస్సార్ అని ఒక నాటకాల కృష్ణుడి గురించి చెప్పేవాడు. సినిమా టైటిల్స్‌లో కనిపించే సి.ఎస్.ఆర్. ఆయనేనని నాకు ఇన్నేళ్ళూ తట్టలేదు.

పూర్తి పేరు చిలకలపూడి సీతారామాంజనేయులు. 1907లో పుట్టారు. ఆయన పెరిగిన కాలం పద్యనాటకం రాజ్యమేలిన కాలం. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు తెలియని ఊరు లేదు. పడక సీను కోసం తెల్లవార్లూ కూర్చునేవారు. ఒకే రాత్రి, ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు వంతులవారీగా దిగేవారు, ఎవరి రాగం ఎంతసేపు సాగిందో మర్నాడు రచ్చబండ దగ్గర లెక్కలు తేల్చేవారు. పాశ్చాత్యులకు ఆపెరా ఎలాగో మనకు అది అలాగ. మైకు అక్కర్లేని గొంతు ఉండాలి. ఆ గొంతుతోపాటు ముఖంలో అభినయమూ పలకాలి. సి.ఎస్.ఆర్.కు రెండూ ఉన్నాయి, పైగా చూడచక్కని రూపం. కృష్ణుడే కాదు, తుకారాం పాత్రకూ ఆయనకు గొప్ప పేరు.

మాటలొచ్చిన సినిమా మొదట చేసిన పని ఆ నాటకాలను తీసుకెళ్ళి కెమెరా ముందు నిలబెట్టడమే. 1936లో ఒకే కథ మీద రెండు తెలుగు సినిమాలు పోటీకి దిగాయి. ఒకటి ద్రౌపదీ వస్త్రాపహరణం. అందులో సి.ఎస్.ఆర్. కృష్ణుడు, కన్నాంబ ద్రౌపది, యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు. రెండోది ద్రౌపదీ మానసంరక్షణం. అందులో బళ్ళారి రాఘవ దుర్యోధనుడు, బందా కనకలింగేశ్వరరావు కృష్ణుడు, సురభి కమలాబాయి ద్రౌపది. పేర్లు చూస్తే రెండో సినిమాదే పైచేయి అనిపిస్తుంది. ఆడింది మాత్రం మొదటిదే.

అప్పటికి ప్లేబ్యాక్ లేదు. ఎవరి పాట వాళ్ళే, షాట్ తీస్తున్నప్పుడే పాడాలి. మైకు ఎక్కడో కనపడకుండా పెట్టేవారు, వాయిద్యాలవాళ్ళు ఫ్రేము బయట కూర్చునేవారు. తప్పు పోతే మళ్ళీ మొదటి నుంచి. నాటకంలో వన్స్‌మోర్ అంటే కళాకారుడికి గౌరవం. ఇక్కడ వన్స్‌మోర్ అంటే ఫిల్ము దండగ! ఊరి చివరి మనిషికి వినపడేలా పాడటం అలవాటైనవాళ్ళు అడుగు దూరంలోని మైకుకు తగ్గి పాడాలి, అరగంట సాగదీసే రాగాన్ని నిమిషంలో ముగించాలి. చాలామంది నాటక మహామహులు ఇక్కడే ఇబ్బంది పడ్డారని నా అభిప్రాయం. సి.ఎస్.ఆర్. ఇమిడిపోయారు. 1938లో తెర మీద తుకారాం అయ్యారు. 1939లో పి. పుల్లయ్య తీసిన బాలాజీలో ఆయన వేంకటేశ్వరుడు, శాంతకుమారి పద్మావతి.

ఆ తర్వాత ప్లేబ్యాక్ వచ్చింది. ముఖం ఒకరిది, గొంతు ఒకరిది అయింది. పాడగలగడమే అర్హతగా సినిమాల్లోకి వచ్చినవాళ్ళకు ఇది చిన్న దెబ్బ కాదు, కొందరు ఆ దెబ్బకే తెరమరుగయ్యారు. సి.ఎస్.ఆర్. మాత్రం పాటను పక్కన పెట్టి మాటను పట్టుకున్నారు. 1946లో గృహప్రవేశంలో నవ్వించారు. 1951లో పాతాళభైరవిలో రాజుగారు. 1953లో దేవదాసులో పార్వతిని పెళ్ళాడిన వయసు మళ్ళిన జమీందారు, 1955లో కన్యాశుల్కంలో రామప్పంతులు, 1961లో జగదేకవీరుని కథలో మంత్రి. ఆ మంత్రి రాజనాలకు సలహాలిచ్చే తీరు చూడండి, ప్రతి వాక్యానికీ ఒక ఎత్తుగడ, ఒక విరుపు, చివర చిన్న ముక్తాయింపు ఉంటాయి. అది పద్యం చదివినవాడి ఊపిరి. పాట పోయినా తాళం ఎక్కడికీ పోలేదు.

1957లో మాయాబజార్‌కు వచ్చేసరికి ఆయనకు యాభై. కృష్ణుడు ఎన్టీఆర్, ఆ కృష్ణుడికి గొంతు ఘంటసాల. ఘటోత్కచుడు ఎస్వీ రంగారావు, ఆయన పద్యానికి గొంతు మాధవపెద్ది సత్యం. సొంత గొంతుతో కృష్ణుడై మెప్పించిన మనిషి అదే సెట్లో శకుని వేషంలో నిలబడ్డాడు. ఇరవై ఒక్కేళ్ళ కిందట తెర మీద ద్రౌపదికి చీరలిచ్చిన చేతులతోనే పాచికలు పట్టుకున్నాడు. ఆయనకు లోపల ఏమనిపించిందో నేనెలా చెప్పను? సినిమాలో మాత్రం బాధ జాడ లేదు. సత్యపీఠం ఎక్కి కుట్ర అంతా తనంతట తానే కక్కేసే సీను మళ్ళీ చూడండి. తన నోరు తన మాట వినడం లేదని ఆ ముఖంలో ఎంత చక్కగా తెలుస్తుందో!

1963లో వెళ్ళిపోయారు. ఆయన గొంతులోని పద్యాలు కొన్ని పాత గ్రామఫోను రికార్డుల్లో మిగిలాయి.

సినిమా అయ్యాక ఫోన్‌లో వెతికి ఒకటి పెట్టాం. గరగర శబ్దం వెనక నుంచి పల్చటి, నిటారైన గొంతు. కుర్రాళ్ళు టీవీలో ఆగిపోయిన శకుని బొమ్మ వైపు, ఫోన్ వైపు మార్చి మార్చి చూశారు. బాబాయ్ చిన్నప్పుడు ఊళ్ళో తిరునాళ్ళలో కృష్ణుడి వేషం కట్టారట. ఈ సంగతి నాలుగేళ్ళు కలిసి ఉన్నా మాకెవరికీ తెలియదు. వచ్చే నెల వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికి వెళ్ళిపోతున్నారు. అందరం బతిమాలితే ఒక పద్యం ఎత్తుకున్నారు. రాగం అందుకోబోతుండగా పక్క రూములో నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నాయన గోడ కొట్టాడు. బాబాయ్ గొంతు తగ్గించి, రాగం కుదించి, పద్యం మాత్రం పూర్తిగా పాడారు.