చేతులు కడగమన్న డాక్టరు

శవపరీక్ష అనగానే మనకు పోలీసులు, కోర్టు గుర్తొస్తాయి. మనిషి ఎలా పోయాడో తేల్చి చట్టానికి చెప్పడం దాని పనే. దానికి మరో పని కూడా ఉంది: బతికున్నవారిని కాపాడడం. ఆ సంగతి ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ జీవితం చూస్తే బాగా తెలుస్తుంది.

ఆయన 1818 జూలై 1న హంగేరీలోని బుడాలో పుట్టారు. తండ్రి కిరాణా వ్యాపారి. ఇంట్లో మాట్లాడేది మాత్రం జర్మన్. 1837లో న్యాయశాస్త్రం చదవడానికి వియన్నా వెళ్లి, మరుసటి ఏడాదే వైద్యానికి మారారు. 1846లో వియన్నా జనరల్ ఆసుపత్రి ప్రసూతి విభాగంలో సహాయ వైద్యుడిగా చేరారు.

అక్కడ రెండు వార్డులుండేవి. మొదటి వార్డులో వైద్య విద్యార్థులు, రెండో వార్డులో మంత్రసానులు పని నేర్చుకునేవారు. 1846లో మొదటి వార్డులో 100 మంది బాలింతల్లో 11 మందికి పైగా చనిపోయారు. రెండో వార్డులో ఆ సంఖ్య మూడు లోపే. తమను మొదటి వార్డులో చేర్చవద్దని గర్భిణులు కాళ్లావేళ్లా పడేవారు. గాలి చెడ్డదని కొందరు పెద్దలనేవారు. కానీ రెండు వార్డులకూ గాలి ఒక్కటే కదా! కారణం పట్టుకోవాలని సెమ్మెల్‌వైస్ పొద్దున్నే చనిపోయిన బాలింతల దేహాలను పరీక్షించి, ఆ తర్వాత వార్డుకు వెళ్లేవారు.

1847 మార్చిలో ఆయన మిత్రుడు యాకోబ్ కొలెచ్‌కా మరణించారు. కోర్టు కేసులకు సంబంధించిన వైద్యం బోధించే ఆచార్యుడాయన. శవపరీక్ష చేస్తుండగా ఒక విద్యార్థి కత్తి వేలికి గుచ్చుకుంది. కొద్దిరోజుల్లోనే ప్రాణం పోయింది. ఆయన దేహానికి జరిపిన శవపరీక్ష నివేదిక చదివిన సెమ్మెల్‌వైస్ నివ్వెరపోయారు. బాలింతల దేహాల్లో తాను చూసిన మార్పులే అందులోనూ ఉన్నాయి. మంత్రసానులు శవాలను ముట్టరు. డాక్టర్లు, విద్యార్థులు శవాల గది నుంచి నేరుగా కాన్పుల గదికి వెళ్తారు. జబ్బును మోసుకెళ్తున్నవి వాళ్ల చేతులే. వాటిలో తన చేతులూ ఉన్నాయి. తన వల్ల ఎందరు పోయారో లెక్క తేలదని తర్వాత తన పుస్తకంలో ఆయనే ఒప్పుకున్నారు.

అలాగని శవపరీక్షలు మానమని ఆయన చెప్పలేదు. వార్డులోకి వచ్చే ముందు బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లతో చేతులు కడగాలని 1847 మే నెలలో నియమం పెట్టారు. ఏప్రిల్‌లో 100 మందికి 18 మంది చనిపోయిన వార్డులో జూన్ నాటికి ఆ సంఖ్య సుమారు రెండుకు దిగింది. 1848లో రెండు నెలల్లో ఒక్క బాలింత కూడా చనిపోలేదు.

అయినా చాలామంది పెద్ద డాక్టర్లు ఒప్పుకోలేదు. రోగి ప్రాణం తీసింది తమ చేతులేనంటే మింగుడుపడలేదు. కంటికి కనిపించని క్రిముల సంగతి అప్పటికింకా రుజువు కాలేదు. 1849లో ఆయన ఉద్యోగం పొడిగించలేదు. ఆయన హంగేరీ తిరిగి వెళ్లి అక్కడా అదే పద్ధతి పెట్టారు. పూర్తి వివరాలతో పుస్తకం వెలువడేసరికి 1861 వచ్చింది. ఎదిరించినవారికి ఘాటైన ఉత్తరాలు రాసి మరింత దూరమయ్యారు. 1865లో మతి చలించిందని వియన్నాలోని మానసిక చికిత్సాలయంలో చేర్చారు. ఆగస్టు 13న అక్కడే, 47 ఏళ్లకే కన్నుమూశారు. ఆయన దేహానికీ శవపరీక్ష జరిగింది. గాయం చీముపట్టి, ఆ విషం రక్తానికెక్కిందని తేలింది. కొలెచ్‌కాను బలిగొన్నదీ అలాంటి విషమే.

మన దేశంలో అనుమానాస్పద మరణమైతే శవపరీక్ష చట్టం ప్రకారం జరుగుతుంది. ఆసుపత్రిలో జబ్బుతో పోయినవారి విషయంలో కారణం తెలుసుకోవడానికి డాక్టర్లు ఇంటివారి అనుమతి అడుగుతారు. కాదనే హక్కు మనకుంది. అడగడం వెనక ఉద్దేశం మాత్రం తర్వాత వచ్చే రోగి కోసమేనని తెలిసి ఉండటం మంచిది. అన్నానికి ముందు చేతులు కడుక్కోమని బడిలో రోజూ చెప్పే మాట వెనక అలాంటి నివేదిక ఒకటి ఉంది.